గట్టయ్య బావ తన్ను

మా గట్టయ్య బావ ఎవరింటికి పోయినా చెప్పులు విడిచి, కుడికాలి మడమతో నేలను ఒక్క తన్ను తన్నకుండా కూర్చోడు. రఘునాథపల్లిలో ఆయన తన్నని ఇల్లు లేదు. నా పెళ్ళిచూపులకు తీసుకుపోతే అక్కడా తన్నాడు. పిల్ల ఎట్లుందని అడిగితే "పిల్ల మంచిగనే ఉంది, నేలనే మెత్తగుంది" అన్నాడు.

ఈ రోగం ఆయనకు గుజరాత్‌లో అంటుకుంది. అక్కడ భూకంపం వచ్చాక ఇళ్ళు కట్టే కూలికి పోయి వచ్చాడు. అప్పటినుంచి ఒకటే పాట.

"ఇల్లు దానంతల అది ఊగది బామ్మర్దీ! కింద నేల ఊపితే ఊగుతది. గట్టి మొరం నేల మీదిల్లు జరంత ఊగి ఊకుంటది. మెత్త మట్టి మీదిల్లు ఉయ్యాల లెక్క ఊగుతనే ఉంటది."

"గీడ భూకంపమెక్కడిది బావా?"

"నేల మనకు చెప్పొస్తదా?"

పక్కింటి ఎల్లక్కకు మాత్రం ఆయనంటే ఒళ్ళుమంట. బావ ఇల్లు మొరం మీద ఉంటే, ఆమెది పూడ్చిన మట్టిగుంత మీద ఉంది. ఇంట్లో సజ్జ మీద ఇత్తడి బిందెలు, సరిగ్గా వాటి కిందే మంచం. దొంగ చెయ్యి వేస్తే చప్పుడవుతుందని ఆమె ధీమా. బావ రోజూ పోయి తన్నేవాడు.

"అక్కా, మంచం జరుపు. ఇల్లూగితే ముందుగాల దిగేటియి బిందెలే."

"నా ఇల్లెందుకు ఊగుతదిరా? నువ్వు తన్నకుంటే సాలు!"

ఒకరోజు ఆమె తాళంచెవి బావ భార్య, అదే మా అక్క చేతికిచ్చి చిల్పూర్ గుట్టకు మొక్కు తీర్చుకోవడానికి పోయింది. తిరిగొచ్చేసరికి మంచంకోడు కింది బండ రెండు ముక్కలైంది. బావ తలవంచుకుని నిలబడ్డాడు.

"నిన్నటి తన్నుకే పగిలిందక్కా. మెత్తనేల గదా!"

ఎల్లక్క ఆయన ఏడు తరాలనూ తిట్టి, మంచం కుంటుతోందని ఎదురుగోడకు జరుపుకుంది.

ఆ డిసెంబరులో ఒక పొద్దున నిజంగానే నేల కదిలింది. బావ ఇంట్లో మా చాయ్ తొణికింది, అంతే. ఎల్లక్క ఇంట్లో బిందెలన్నీ దబదబా ఆ పగిలిన బండ మీదికే దిగాయి. ఆమె ఎదురుగోడ దగ్గర మంచంలో కూర్చుని నోరు తెరిచి చూసింది. ఒంటికి గోరంత దెబ్బ తగల్లేదు.

ఊరంతా బావ తన్నుకు దండం పెట్టింది. నేను పక్కకు పిలిచి అడిగాను.

"నిజంగ తన్నుకే పగిలిందా బావా?"

"పిచ్చోనివా? మడమతోని బండ పగులుతదా? మీ అక్క చేతిల తాళంచెవి గుంజుకపోయి గడ్డపారతోని పగలగొట్టిన. మంచిగ చెప్తే ఇన్నదా?"

ఎల్లక్క మా వెనకే ఉంది. చేతిలో సొట్టపోయిన బిందె. బావ రెండడుగులు వెనక్కి వేశాడు.

"కొత్త బండ నేనే ఏయిస్తనక్కా..."

"బండ సంగతి తర్వాత," అంది ఎల్లక్క. "జర ఇంట్లకు రా. ఇప్పుడు మంచమేసిన కాడ గూడ ఒక్క తన్ను తన్ని చూడు."

బావ అప్పటికే చెప్పులు విడుస్తున్నాడు.