బొట్టు పెట్టిన మూత: రాజమండ్రి నుంచి పెనుగొండకి మా కారు చివరి ప్రయాణం

మా అత్తయ్యగారి కారుని ఆ రోజు సాయంత్రం నిడదవోలులో ఒకాయనకి అప్పగించాలి. అందుకోసం మొదలైన ప్రయాణం ఇది. గచ్చకాయ రంగు చిన్న కారు. ఆవిడ టీచరుగా రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొనుక్కుని, కాలవగట్టు మీద డ్రైవింగ్ నేర్చుకున్నారు. రెండో గేరు దాటి నడిపింది లేదు గానీ, "మీ అబ్బాయి కారా అండి?" అని ఎవరైనా అడిగితే మాత్రం ఊరుకోరు. కిందటి దసరాకి కొత్త బ్యాటరీ వేశాక దీనికో జబ్బు పట్టుకుంది. ఎక్కడైనా ఆపి మళ్ళీ తాళం తిప్పితే ఉలుకూ పలుకూ ఉండదు. కాసేపటికి దానికి బుద్ధి పుట్టినప్పుడు లేస్తుంది. మెకానిక్కులు సెల్ఫ్ మోటారు మార్చారు, ఫ్యూజులు మార్చారు, ఆఖరికి చేతులెత్తేశారు. "అమ్మ ఒక్కతే వెళ్ళినప్పుడు దారిలో ఆగిపోతే ఏంటి గతి?" అని మా ఆయన బేరం పెట్టేశారు. అత్తయ్యగారు "మీ ఇష్టంరా" అని ఊరుకున్నారు. కొన్నప్పుడు మొదటి పూజ పెనుగొండలో వాసవమ్మ గుడి దగ్గర చేయించారట, ఇచ్చేసే ముందు ఒక్కసారి అక్కడికి తీసుకెళ్ళమని మాత్రం అడిగారు.

ఏడింటికల్లా అత్తయ్యగారూ నేనూ బయల్దేరాం. మా ఆయన మధ్యాహ్నం రైల్లో నేరుగా నిడదవోలు వస్తారు, కారు ఇచ్చేశాక ముగ్గురం రైల్లో తిరిగి రావాలి, టికెట్లు కూడా ఆయన దగ్గరే ఉన్నాయి. పెనుగొండ వెళ్ళాలనుకునేవాళ్ళకి తేలికైన దారి చెప్తాను. వేమగిరి దగ్గర హైవే ఎక్కి, రావులపాలెం దాటి, సిద్ధాంతం వంతెన అయ్యాక పెనుగొండ వైపు తిరగాలి. ఆగకపోతే గంటన్నర చాలు. కానీ కడియపులంకలో ఆగని మనిషిని నేను చూడలేదు. రోడ్డుకి రెండువైపులా నర్సరీలు, మొక్కలు ఎక్కించుకుంటున్న లారీలు, తడిమట్టి వాసన. అక్కడ టిఫిన్ బండి దగ్గర ఇద్దరికీ ఇడ్లీ, కాఫీ కలిపి వంద రూపాయల్లో అయిపోయింది. అత్తయ్యగారు ఒక ముద్దమందారం మొక్క ముందు చాలాసేపు నిలబడ్డారు.

"తీసుకుందామా అత్తయ్యగారూ?" అన్నాను.

"రైల్లో ఎలా పట్టుకెళ్తామే? వద్దులే," అని వచ్చి కారులో కూర్చున్నారు. తాళం తిప్పాను. ఊహించిందే. లైటు లేదు, హారన్ లేదు.

టిఫిన్ బండి ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఆయ్, తొయ్యమంటారా అండి?"

"వద్దండి, కాస్త ఆగండి. ఈసారి ఇదేంటో చూడాల్సిందే," అన్నాను. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. కొనేవాళ్ళకి బ్యాటరీ బాగుందని చూపించడానికి ల్యాబులో వాడే మీటరు బ్యాగులో వేసుకొచ్చాను కూడా. అయినా ఇన్నాళ్ళూ ఆ బానెట్ ఎత్తే పని మెకానిక్కులదే అనుకున్నాను.

కారు రోడ్డు దిగే ఉంది కాబట్టి వచ్చేపోయే బళ్ళ భయం లేదు. హ్యాండ్ బ్రేకు వేసి, తాళం తీసి, ముందుగా చేతి గాజులు తీయబోయాను. బ్యాటరీ దగ్గర బంగారమైనా ఇనుమైనా ఒకటే. గాజు గానీ ఉంగరం గానీ ప్లస్‌కీ మైనస్‌కీ ఒకేసారి తగిలిందంటే ఎర్రగా కాలి చర్మానికి అంటుకుపోతుంది. అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"బోసి చేతులతో పని మొదలెడతావా? అదీ గుడికి వెళ్తూ!"

"గాజులుంటే చేతులు కాల్తాయండీ."

"అయితే ఉండు." సంచిలోంచి పసుపు రాసి ఆరబెట్టిన నూలుదారం ఉండ తీసి, గాజులు తీసిన నా మణికట్టుకి తోరం కట్టారు. పెనుగొండలో కారుకి కడదామని తెచ్చిన దారం అది. పొడిదారమే కనక నేనూ అడ్డు చెప్పలేదు.

బానెట్ ఎత్తితే బ్యాటరీ ప్లస్ వైపు ఎర్ర ప్లాస్టిక్ మూత, దాని మీద దసరానాటి కుంకుమ బొట్టు. అప్పుడు అర్థమైంది. వచ్చిన ప్రతి మెకానిక్కూ ఆ మూతని పైనుంచి నొక్కి చూసి "గట్టిగానే ఉందండి" అనేవాడు. బొట్టు పెట్టిన మూత ఎవరు తీస్తారు? మన చేతులు అలాంటివి. నేనూ ఒక్క క్షణం వెనకాడి, కళ్ళకద్దుకుని తీశాను.

హెడ్‌లైట్ స్విచ్ వేసి ఉంచి, మీటరు నల్ల వైరు మైనస్ వైపు పొడుచుకొచ్చిన సీసపు మొన మీద ఆనించాను. ఎర్ర వైరు ప్లస్ మొన మీద పెడితే పన్నెండు వోల్టుల పైనే చూపించింది. అంటే బ్యాటరీ బంగారం. అదే ఎర్ర వైరుని, మొనని పట్టుకుని ఉండే క్లాంపు మీదకి జరిపాను. దాదాపు సున్నా. అంటే కరెంటు మొన దాటి క్లాంపులోకి రావడం లేదు. ఇంత బతుకూ బతికి లూజ్ కాంటాక్టా అనుకుంటూ డిక్కీలోంచి గరుకు కాగితం, స్పానర్ తీశాను. దాని పిడికి ముందే టేపు చుట్టి ఉంది. లైటు స్విచ్ ఆపి, ముందు మైనస్ వైపు విప్పి, ఆ తర్వాతే ప్లస్ విప్పాను. ఈ వరస తప్పకూడదు, స్పానర్ పొరపాటున బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి.

క్లాంపు చేతికొచ్చింది. మొన చుట్టూ నల్లబడిన నూలుదారం, దాని చుట్టూ తెల్లటి బూజులాంటి పొడి. నేను నా మణికట్టు వైపు చూసుకున్నాను. అత్తయ్యగారూ అటే చూస్తున్నారు.

"నేనే కట్టానమ్మా," అన్నారు నెమ్మదిగా. "కొత్త బ్యాటరీ కదా అని, వైరు తగిలించేముందు తడిపసుపుతో చుట్టాను. దారిలో ఆగకూడదనే కట్టాను."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా ఆయనకి ఫోన్ చేశాను. "దసరాకి ఆ క్లాంపు బిగించింది ఎవరండీ?"

"నేనే. ఏం?"

"కింద దారం కనపడలేదా?"

"అమ్మ కట్టింది ఎలా తీస్తాను?"

అదీ సంగతి. ఆవిడ కట్టారు, కొడుకు బిగించారు, ఊళ్ళో మెకానిక్కులందరూ దండం పెట్టారు. తప్పు చేసినవాళ్ళే లేరు, బండి మాత్రం అమ్మకానికి వెళ్ళింది.

టిఫిన్ బండి ఆయన వేడినీళ్ళు, బజ్జీల్లో వేసే వంటసోడా ఇచ్చాడు. పార్సిల్ కవర్లు చేతులకి తొడుక్కుని, గుడ్డ ముంచి పిండి, మొననీ క్లాంపునీ తుడిచాను. నీళ్ళు బ్యాటరీ మీద గుమ్మరించకూడదు. ఆరాక గరుకు కాగితంతో సీసం మెరిసేదాకా రుద్ది, ఈసారి ముందు ప్లస్, చివర్న మైనస్ బిగించాను. మడమలకి రాసుకోవడానికి అత్తయ్యగారు తెచ్చుకున్న వాజలైన్ పైన పూత పూశాను. తాళం తిప్పగానే అందుకుంది.

"ఒక్కసారి లేచినంత మాత్రాన నమ్మను," అన్నారు మా ఆయన ఫోన్లో. "కొనేవాయన దగ్గర బయానా తీసుకోలేదులే. పెనుగొండ దాకా ఆపుతూ వెళ్ళండి. ఆపిన ప్రతిచోటా లేస్తే అప్పుడు చూద్దాం." రావులపాలెంలో అరటిపళ్ళ కోసం ఆపాం. లేచింది. సిద్ధాంతం వంతెన దిగాక గోదారి చూడ్డానికి ఆపాం. లేచింది. నేను తాళం తిప్పిన ప్రతిసారీ అత్తయ్యగారు గట్టిగా కళ్ళు మూసుకుని, ఇంజన్ చప్పుడు వినపడ్డాకే తెరిచేవారు.

పెనుగొండ చేరేసరికి పదకొండు. దర్శనానికి పెద్దగా రద్దీ లేదు. పూజకి వచ్చిన పంతులుగారు బానెట్ ఎత్తమన్నారు. "దాని జోలికి వెళ్ళకండి పంతులుగారూ, బొట్టు పైనే పెట్టండి," అన్నారు అత్తయ్యగారు. "దారం?" అని ఆయన అడిగితే, నా చెయ్యి ఎత్తి చూపించారు. "నడిపేదానికి కట్టేశాను, చాలు." పూజయ్యాక తాళం నేను తిప్పబోతే తనే చెయ్యి చాపి తిప్పారు. కళ్ళు మూసుకోలేదు. ఇంజన్ అందుకోగానే కొడుక్కి ఫోన్ చేసి, "ఒరేయ్, ఆయనకి నా నమస్కారాలు చెప్పు. బండి ఇవ్వడం లేదు," అన్నారు. పాపం, అప్పటికే రైలెక్కేసిన మా ఆయన నిడదవోలులో దిగి, కొనేవాయనకి సర్దిచెప్పుకుని, మూడు టికెట్లు జేబులో పెట్టుకుని, ఒక్కరే ఇంటికి వచ్చారు.

ప్రేమతో చేసింది కాబట్టి ఎవరూ తీసి చూడని దారాలు మన ఇళ్ళలో ఇంకెన్ని ఉన్నాయో అని తిరుగుదారంతా అనుకున్నాను. దారం తీసినందువల్ల ఆవిడ ప్రేమేమీ తగ్గలేదు, పైగా ఆవిడ కారు ఆవిడకి మిగిలింది. మీ బండి ఎప్పుడైనా ఇలా మొండికేస్తే ఖరీదైన భాగాలు మార్చే ముందు గాజులూ ఉంగరాలూ తీసేసి, బ్యాటరీ మూత ఎత్తి మొనలు శుభ్రంగా ఉన్నాయో లేదో చూడండి. మూత మీద బొట్టుంటే మొహమాటపడకండి, దండం పెట్టుకునే తీయండి. మేము మాత్రం కడియపులంకలో మళ్ళీ ఆగాం, వెనకసీటు నిండా మందార మొక్కలే.