మంజుల సెలవులో ఉన్న రోజు

దయ్యాల మాట ఎవరెత్తినా నవ్వేదాన్ని నేను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినందుకు కాదు, చిన్నప్పటి నుంచీ అంతే. ఇప్పుడు చెప్పేది కూడా దయ్యం సంగతి కాదు. బతికున్న మనిషి సంగతి.

తెలంగాణ వచ్చిన కొత్తలో నల్లగొండలో ఒక నీటి పరీక్షల ల్యాబులో కాంట్రాక్టు మీద పనిచేసేదాన్ని. నీళ్లలో ఏ లోహం ఎంత ఉందో మంట సాయంతో కొలిచే అటామిక్ అబ్జార్ప్షన్ యంత్రం ఉండేది. ముందు దానికి కొలత చూపించాలి. తెలిసిన ద్రావణాన్ని పలచన చేస్తూ వరసగా సీసాలు తయారుచేసి, ఒక్కొక్కటే చూపించి, ఎంత గాఢతకు యంత్రం ఎంత చూపుతుందో గీత గీయాలి. ఆ పని నాది. నా గీత తిన్నగా వస్తుందని పేరు కూడా ఉండేది.

తర్వాత మంజుల వచ్చింది. అచ్చంపేట దగ్గర మేకలు కాసే ఇంటి పిల్ల, నాకంటే చిన్నది. వచ్చిన కొన్నాళ్లకే ఒక చిన్న పంపూ సన్నటి గొట్టమూ బిగించి, ఇన్ని సీసాలు అక్కర్లేదంది. గొట్టంలో పారే నీళ్లలోకి ఒకే ద్రావణం కొద్దిగా వదిలేది. అది పోతూ పోతూ పలచబడి మంటను చేరేది. తెర మీద ఒక పీక్, చిన్న కొండలా, లేచి దిగేది. ఆ ఒక్క వాలులోంచే గీతంతా తీసేది. నాకు పూట పట్టే పని ఆమె చాయ్ తాగేంతలో ముగించేది.

ఇన్‌చార్జి సార్ వచ్చినవాళ్లందరికీ ఆమెను చూపించేవారు. నేను పక్కనే సీసాలు కడుగుతుండేదాన్ని. ఆమె ప్రేమగా "అక్కా" అన్నా నాకు ఒళ్లు మండేది. పైగా ఆ ఏడాది మా ఇద్దరిలో ఒక్కరికే కాంట్రాక్టు పొడిగిస్తారని తెలుసు.

ఒకరోజు మంజుల వాళ్ల నాయినను దవాఖానలో చూపించాలని ఊరికి పోయింది. పానగల్ వైపు బోరునీళ్ల శాంపిళ్లు మిగిలాయి.

"మంజుల పద్ధతిలనే చెయ్యమ్మా. రిపోర్టు ఇయ్యాల్నే పోవాలె" అన్నారు సార్.

పొద్దున్నుంచీ కూర్చున్నాను. ఒకే ద్రావణం కాబట్టి పీక్ ప్రతిసారీ ఒకే ఎత్తు రావాలి. నాకు ఒకటి పొడుగు, ఇంకోటి పొట్టి. మధ్యాహ్నానికి ఏడుపొచ్చింది. గ్యాస్ కట్టేసి, మంట ఆరిందని చూసుకుని, ముఖం కడుక్కోవడానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి మంట వెలుగుతోంది. పంపు తిరుగుతోంది. తెర నిండా పీక్‌లు, ఒకే అచ్చులో పోసినట్టు.

గదిలో ఎవరూ లేరు. అంతలో అటెండరు లక్ష్మమ్మ రెండు చాయ్‌లు పట్టుకొచ్చింది. రెండెందుకని అడిగాను.

"మంజులమ్మ ఏది? గిప్పుడే గీడ కూసుండె గద. చాయ్ తాగుతవా అంటే తలకాయ ఊపింది."

వెంటనే మంజులకు ఫోన్ చేశాను. అవతల దవాఖానలో పేర్లు పిలుస్తున్న చప్పుడు.

"అచ్చంపేటలనే ఉన్న అక్కా, నాయినకు చీటీ రాయిస్తున్న. గని పంపు బిగింపు జర వదులు చేసినవా? పొద్దటిసంది గదే మనసుల తిరుగుతాంది."

చూశాను. బిగింపు వదులు చేసి ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు.

 నిజం చెప్పాలంటే భయం కంటే ముందు వచ్చింది ఈర్ష్యే. నేను ఎదురుగా కూర్చుని చెయ్యలేనిది, ఆమె ఊళ్లో కూడా లేకుండా చేసింది.

నమ్మబుద్ధి కాక నా పాత పద్ధతిలో సీసాలు కలిపి సరిచూశాను. అదే గీత వచ్చింది. దానితోనే శాంపిళ్లు కొలిచి రిపోర్టు ఇస్తూ, ఆ పీక్‌లు నేను తీసినవి కావని సార్‌తో చెప్పాను. "గంత మొహమాటమెందుకమ్మా" అని నవ్వి సంతకం పెట్టారు.

మంజుల తిరిగొచ్చాక జరిగిందంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె ముఖం పాలిపోయింది.

"ఆడ బెంచి మీద జర కన్నంటుకున్నది అక్కా. గంతే. ఇంకేం యాదికి లేదు."

కాంట్రాక్టు ఆమెకే పొడిగించారు. నేను మహబూబ్‌నగర్‌లో వేరే ల్యాబుకు మారాను. లక్ష్మమ్మ పొరబడి ఉండొచ్చని, ఎవరో వచ్చి యంత్రం నడిపి ఉంటారని చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ పద్ధతి నల్లగొండ ల్యాబులో ఇంకెవరికీ రాదు.

ఇప్పుడు ఇక్కడ నేనూ అదే పద్ధతిలో చేస్తున్నాను. పీక్‌లు సమంగా వస్తాయి. కొత్తగా చేరినవాళ్లు మీ చెయ్యి మంచిదంటారు. ఆ మాటకు సంతోషపడదామనుకునే లోపే, ఇది నా చెయ్యేనా అన్న అనుమానం వచ్చి కూర్చుంటుంది.