ముళ్ళమొక్క మీద వాడని పువ్వు

పెళ్ళయి గుణదల వచ్చేదాకా మొక్కలు పెంచడమంటే ఏమిటో నాకు తెలియదు. మాది పామర్రు పక్క పల్లె. అక్కడ కాలవ గట్టున బంతినారు పారేసినా పూసేది. గుణదలలో మేం అద్దెకున్న వాటా కొండవారగా ఉండేది. పెరడంతా రాయే. నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న మల్లె అంట్లూ కనకాంబరాలూ మొదటి వేసవికే మాడిపోయాయి.

ఆ మరుసటేడు, అంటే డెబ్బైల మధ్యలో, మేరీమాత తిరునాళ్ళకు అత్తయ్యతో కలిసి వెళ్ళాను. కొవ్వొత్తుల దుకాణాలు దాటాక ఒకాయన గోనెపట్టా పరిచి, చిన్న చిన్న మట్టికుండీల్లో ముళ్ళమొక్కలు అమ్ముతున్నాడు. అన్నీ గుండ్రంగా, ఒక్క ఆకు లేకుండా ఉన్నాయి. ఒకదాని నెత్తిన మాత్రం ఎర్రటి పువ్వుంది.

"కాక్టస్ అంటారమ్మా దీన్ని. నీళ్ళు పొయ్యకపోయినా బతుకుద్ది," అన్నాడు.

"నాగజెముడు చేలగట్టున ఉండాలిగానీ ఇంట్లో ఎందుకే?" అంది అత్తయ్య. అయినా పువ్వు ముచ్చటేసిందేమో, తనే బేరమాడి కొన్నది.

వంటింటి కిటికీలో పెట్టాను. పువ్వు వాడలేదు. వారాలు గడిచాయి, ఈస్టరు వెళ్ళింది, బెజవాడ ఎండలు వచ్చేశాయి. డాబా మీద కాలు పెట్టలేకపోతున్నాం, ఆ పువ్వు మాత్రం కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉంది. మా వారిని అడిగితే, "ముళ్ళజాతి కదా, దాని పద్ధతి వేరేమో," అన్నారు. నాకు లోపల అనుమానంగానే ఉండేది. అలాగని ముట్టుకు చూద్దామంటే చుట్టూ ముళ్ళు.

తొలకరి వాన పడ్డ రోజున కిటికీలోంచి జల్లు కొట్టింది. చూస్తూండగానే పువ్వు రేకులు దగ్గరికి ముడుచుకున్నాయి. మర్నాడు ఎండ రాగానే మళ్ళీ విచ్చుకుంది. నా అనుమానం పోయింది. ప్రాణం లేనిది ముడుచుకుంటుందా?

"ఆ తల్లి దయ. నువ్వు దాని మీద చెయ్యి వెయ్యమాక," అంది అత్తయ్య.

పక్కవాటాలో ఉండే పిన్నిగారికి ఈ సంగతి చెప్పాను. ఆవిడ భర్తది నేతచీరల వ్యాపారం. ఆవిడ వచ్చి చూసి, బుగ్గలు నొక్కుకుని, తమ చుట్టాలందరినీ వరసగా తీసుకొచ్చి చూపించింది. నేను నీళ్ళు చిలకరించి పువ్వు ముడుచుకునేలా చేసేదాన్ని. వాళ్ళు కాఫీలు తాగుతూ, అది మళ్ళీ ఎప్పుడు విచ్చుకుంటుందా అని కూర్చునేవాళ్ళు.

వానాకాలం చివర్లో ఒక పొద్దున చూస్తే పువ్వు కిటికీ గట్టు మీద పడి ఉంది. మా వారు దాన్ని తిరగేసి, అడుగున అంటుకుని ఉన్న పెచ్చును గోటితో గీకి చూశారు.

"లక్కే ఇది! మా ఆఫీసులో కవర్లకి సీలు వేసేది," అని ఒకటే నవ్వు. మొక్క నెత్తిన కాలిన మచ్చ ఉంది. అమ్మినాయన ఎండుపువ్వును లక్క కరిగించి అంటించాడు, మొక్క ఎదిగేసరికి ఆ పెచ్చు ఊడిందన్నమాట.

"మరి ముడుచుకుందిగా? నేను కళ్ళారా చూశాను కదండీ," అన్నాను.

ఆయన దాన్ని గ్లాసు నీళ్ళలో ముంచారు. ముడుచుకుంది. ఎండలో పెట్టారు. విచ్చుకుంది. ఎప్పుడో ఎండిపోయిన పువ్వు అలా ఎందుకు చేస్తుందో ఆయనకీ తెలియలేదు. నాకైతే ముందుకన్నా తికమక ఎక్కువైంది.

పిన్నిగారితో దాచకుండా చెప్పేశాను. ఆవిడ మొహం మాడ్చుకుంది.

"అయితే మావాళ్ళందర్నీ తీసుకొచ్చినప్పుడు నీకు తెలీదంటావా?"

"నిజంగా తెలీదండీ పిన్నిగారూ."

"ఏమోనమ్మా," అని వెళ్ళిపోయి, మా వాటా వైపు రావడం మానేసింది.

మొక్కను పారేయబుద్ధి కాలేదు. నీళ్ళు పోస్తే మొదలు పసుపుబారి మెత్తగా అయ్యేది. మానేస్తే ముడతలు పడేది. దానికేం కావాలో నాకు అంతుపట్టేది కాదు. మరుసటేడు ఎండలు ముదరకముందే మచ్చ పక్కన బూజులా దూదిపింజ ఒకటి లేచింది. తెగులనుకుని పసుపు చల్లాను. ఆ దూది మొగ్గయింది. ఒక మధ్యాహ్నం మొగ్గ విచ్చి, లేత పసుపు రంగులో, పట్టుబట్టలా మెరుస్తూ పువ్వయింది.

ముందుగా నేను చేసిన పని, దాని అడుగున లక్క ఉందేమోనని వెతకడం. లేదు. సాయంత్రం మా వారు రాగానే అడిగాను.

"ఏవండీ, మీరేనా అంటించింది?"

"నేనెందుకు అంటిస్తాను? అమ్మని అడుగు."

అత్తయ్య చిన్నబుచ్చుకుంది. "నాకదేం పనే?"

మర్నాడు మధ్యాహ్నం పువ్వు మళ్ళీ విచ్చుకుంది. ఉండబట్టలేక గోడ మీదుగా పిన్నిగారిని కేకేశాను. "ఈసారిది నిజం పువ్వండీ, ఒక్కసారి రండి." ఆవిడ ఇష్టం లేనట్టే వచ్చింది.

"ఈసారి పసుపురంగా?" అంటూ, చీర నూలు చూసే అలవాటు కొద్దీ రేకును రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపింది. ముల్లు గుచ్చుకోవడంతో చెయ్యి చటుక్కున లాక్కుంది. పువ్వు మొదలంటా తెగి ఆవిడ చేతిలోకి వచ్చేసింది.

ఆవిడ దాని తొడిమ వంక చూసింది. "తడిగా ఉందేంటమ్మా?"

"నిజం పువ్వని చెప్పాను కదండీ."

"అయ్యో, నేను నమ్మలేదమ్మా!" ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అత్తయ్య లోపలికి వెళ్ళి, ఆవిడ వేలికి పసుపు తెచ్చి అద్దింది.

అదృష్టం బాగుండి ఇంకో మొగ్గ ఉంది. అది పూసిన రోజున పిన్నిగారు చేతులు చెంగులో చుట్టుకుని, ముక్కాలిపీట మీద కూర్చుని చూసింది. పొద్దు వాలగానే పువ్వు ముడుచుకోసాగింది.

"వానేమీ లేదే! ఎందుకు ముడుచుకుంటంది?" అని కంగారు పడింది.

"ఏమోనండీ," అన్నాను. నిజంగానే నాకు తెలియదు.

తరవాత ఆ మొక్క పిల్లలు పెట్టింది. ఒక పిల్లను కుండీలో వేసి పిన్నిగారికి ఇచ్చాను. నాది ఒక ఏడు పూస్తే మరో ఏడు పూసేది కాదు. ఆవిడది మాత్రం ఏటా పూసేది. ఎందుకో కనుక్కుందామని గోడ దగ్గరికి వెళ్ళి అడిగేదాన్ని.

"మీరేం చేస్తున్నారండీ దానికి?"

"నేనేం చేస్తానమ్మా, నువ్వు చెప్పినట్టేగా!" అనేది ఆవిడ. నేనేం చెప్పానో నాకు గుర్తుండేది కాదు.