కవరింగ్ పాట

ఆ పాట పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు వెంటనే ఫోన్లో వెతికి అసలుది వింటారు, ఆ తర్వాత మా గోడు ఎవరికీ పట్టదు. మేం డిగ్రీ చదివేనాటికే పాతబడిన ఇంగ్లీషు రాక్ పాట అది. గిటార్ పట్టిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు వాయించి చెడగొట్టిన పాట. ఒక్కొక్క తీగే మీటుతూ చాలా నెమ్మదిగా మొదలవుతుంది. పల్లవి రాగానే గిటార్ ఒక్కసారిగా గర్రుమంటుంది. శుభ్రమైన తీగ నాదాన్ని కావాలనే చీల్చి, గరుకు చేసి వదిలిన చప్పుడది. వినేవాడి గుండెలో ఎక్కడో పట్టుకుంటుంది. నాకు ఆ చప్పుడంటే పిచ్చి.

దానికోసం పెడల్ అని కాలితో నొక్కే ఇనప డబ్బా ఒకటుంటుంది. ఒకటి కొనడం, అది నచ్చక అమ్మేయడం, ఇంకోటి కొనడం, ఇదే నా పని చాలా ఏళ్లు. లోపం నా వేళ్లలో ఉందేమోనని ఒక్కనాడూ అనుకోలేదు. ఆడలేక మద్దెల ఓడంటారు కదా, నేను డబ్బా ఓడనేవాణ్ణి.

కంప్యూటర్ కోర్సు నేర్చుకోవడానికి కాకినాడ నుంచి హైదరాబాద్ మైత్రీవనం వచ్చి, నేర్చుకున్న చోటే నేర్పుతూ ఉండిపోయినవాణ్ణి నేను. నా భార్య ఇక్కడే పుట్టి పెరిగింది, పంజాగుట్టలో ఒక ఆఫీసులో ఎకౌంట్స్ చూస్తుంది. ఒక స్నేహితుడి రిసెప్షన్లో ఎవరో బలవంతపెడితే ఆమె ఈ పాటే పాడింది. అందరూ బిర్యానీ మీద ఉన్నారు. నేనొక్కణ్ణే ప్లేటు పక్కన పెట్టాను. పెళ్లయ్యాక కూడా మమ్మల్ని కలిపి ఉంచినవాటిలో ఈ పాటది పెద్ద వాటానే.

మా బ్యాండంటే ముగ్గురం. ఆమె పాడుతుంది, నేను గిటార్, మా కోచింగ్ సెంటర్లో అడ్మిషన్లు చూసే పెద్దాయన డ్రమ్స్. ఆయన్ని ఇద్దరం అన్న అనే పిలుస్తాం. ఆదివారం మధ్యాహ్నం క్లాసులు అయిపోయాక పైఅంతస్తు గదిలో, తుడవని బోర్డు ముందు వాయించుకునేవాళ్లం. నెలకో శనివారం సాయంత్రం పంజాగుట్టలో ఒక కాఫీ షాపు వాళ్లు మూల కాస్త చోటిచ్చేవారు. వినేవాళ్లలో సగంమంది మెట్రో రద్దీ తగ్గేదాకా కూర్చున్నవాళ్లే.

ఈ పాటకు లోకంలో ఎన్ని కవర్లున్నాయో లెక్కలేదు. పియానో మీద నెమ్మదిగా పాడినవారున్నారు, వయొలిన్లతో నింపినవారున్నారు, ఏ చప్పుడూ లేకుండా ఉత్త గొంతులతో పాడినవారున్నారు. నాకు ఒక్కటీ నచ్చేది కాదు. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. ఆ గర్రు లేనిది అది పాటేంటని ఫోన్ ఆపేసేవాణ్ణి. అసలుది ఏ శ్రుతిలో ఉందో ఆ శ్రుతిలోనే, ఎక్కడ గర్రుమందో అక్కడే గర్రుమనాలి. నువ్వు పూజారివి, గిటార్ వాయించేటోనివి కాదని ఆమె ఆటపట్టించేది.

పోయిన వానాకాలం ఒక పొద్దున లేస్తూనే కుడి చెవిలో దూది పెట్టినట్టుందంది. జలుబేమో అనుకున్నాం. సాయంత్రానికి ఆ వైపు ఫోన్ పెట్టుకుంటే మాట వినపడటం లేదని తేలింది. పంజాగుట్టలోనే పెద్దాసుపత్రికి వెళ్లాం. గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి, చెవి లోపలి నరం ఉన్నట్టుండి దెబ్బతిన్నదని, కారణం చాలాసార్లు తెలియదని డాక్టర్ నెమ్మదిగా చెప్పింది. మాత్రలు వాడాక కొంత వినికిడి తిరిగొచ్చింది. అయితే వచ్చిన తీరు వేరు. ఒకే స్వరం ఎడమ చెవికి ఒకలా, కుడి చెవికి కాస్త పైకి జరిగినట్టు వినిపిస్తుందట. ఏది నిజమో తనకు తెలియడం లేదట. మామూలు మాటలకు పెద్ద ఇబ్బంది లేదు. పాటకే.

ఇంటికొచ్చాక ఒకరోజు నేను అలవాటుగా పెడల్ నొక్కితే ఆమె చెవి మూసుకుని లేచిపోయింది. గాజు పలిగినట్టు వినపడుతుందని తర్వాత చెప్పింది. ఆ డబ్బాను తీసుకెళ్లి బీరువా మీద పెట్టేశాను. ఆమె ఆదివారాలు రావడం మానేసింది. అన్నా నేనూ ఇద్దరమే కొన్ని వారాలు వాయించాం. పెళ్లికూతురు లేని పెళ్లిలా ఉండేది. ఏడుపొచ్చేది, వచ్చినా అన్న ముందు దగ్గేవాణ్ణి.

పాడమని నేను అడగలేదు. ఆమే ఒకరోజు బట్టలు మడతపెడుతూ ఆ మాటెత్తింది.

"శ్రుతి తప్పుతే తప్పుతా, దానికి ఫికర్ లేదు. తప్పిన సంగతి అందరికి తెలిసి, నాకొక్కదానికే తెల్వకపోతే? నేను మంచిగనే పాడుతున్న అనుకుంట నిలబడితే?"

పాడేవాళ్లకు అంతకు మించిన భయం ఇంకోటి ఉండదని నాకు తెలుసు.

ఆ రోజుల్లోనే యూసుఫ్‌గూడలో కొడుకు దగ్గరుండే మా అత్తగారు కూతుర్ని చూడ్డానికొచ్చి నాలుగురోజులున్నారు. ఒక మధ్యాహ్నం నేను ఫోన్లో ఆ పాట పెట్టుకుని, గర్రు వచ్చేచోట సౌండు తగ్గిస్తూ వింటున్నాను. ఇంట్లో పిండి గిర్ని పెట్టావా అల్లుడా అన్నారావిడ. తర్వాత, ఈ పాట మీరు కట్టిందేనా అని అడిగారు. కాదత్తయ్యా, వేరేవాళ్లది, మేం కవర్ పాడతాం అన్నాను. ఆవిడకు కవరంటే కూరగాయలు తెచ్చుకునేది. నేను నా క్లాసులో చెప్పినట్టే ఓపిగ్గా చెప్పాను. అసలు పాట ఒకరిది, దాన్నే ఇంకొకరు మళ్లీ పాడితే కవర్. ఆవిడ అర్థమైనట్టు తలాడించి, చేతి గాజులు ఒకసారి ముందుకు జరిపి చూపించారు.

"గట్లనా. కవరింగన్నట్టు."

నాకు చుర్రుమంది. బంగారు పూత గాజులకూ మేం వాయించేదానికీ పోలికేంటి? కవరింగంటే నకిలీ, మాది నకిలీ కాదు అని మొదలుపెట్టబోయాను. ఇన్నాళ్లూ నేను చేసింది అచ్చం నకిలీయేనని, అసలుదానికి రవ్వంత తేడా రాకూడదనే కదా ఇన్ని డబ్బాలు మార్చానని అప్పుడే గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. నా ముఖం చూసి నా భార్య పగలబడి నవ్వింది. ఆమె నవ్వు విని ఎన్నాళ్లయిందో. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"గట్లయితే నా గొంతు సుత ఇగ కవరింగేనమ్మా" అంది.

అత్తగారు ఓదార్చే మనిషి కాదు. "ఏసుకునేది కవరింగే బిడ్డా. బంగారం బీరువాల పంటది, పెండ్లికో పండుగకో లేస్తది. రోజు నా చేతికి ఉన్నది గిదే" అని లేచి వెళ్లి పప్పు కడగడంలో పడ్డారు.

నా భార్య వెంటనే లేచి పాడేసిందని రాస్తే బావుండేది. అలాంటిదేమీ జరగలేదు. ఆ ఆదివారం మాత్రం చెప్పులేసుకుని, ఊరికే కూర్చుంటానంటూ నా వెనక బండెక్కింది. రెండు ఆదివారాలు కూర్చుంది. మూడో ఆదివారం ఈ పాటే పాడదామంది. పెడల్ వద్దు, కరెంటు గిటార్ వద్దు, చెక్క గిటార్ చాలు, శ్రుతి కాస్త దించమంది. నేను ఎడమవైపు కూర్చోవాలి. ఆమె కుడి చెవిలో దూది పెట్టుకుంటుంది. గర్రుమనే చోట ఏం చేద్దామని అడిగితే, ఏం చెయ్యొద్దు, మీరిద్దరు ఆపుండ్రి, నేనొక్కదాన్నే పాడతా అంది. మనసులో సణుక్కున్నాను. ఆ గర్రు పోతుందని నాకూ బాధగానే ఉంది, అబద్ధమెందుకు.

మొదట్లో పాట అస్సలు నిలిచేది కాదు. మధ్యలో తెలియకుండానే గొంతు పైకి వెళ్లిపోయేది. తప్పితే మొహమాటపడకుండా ఆపమని ఒట్టు పెట్టించుకుంది. నేను ఆపేవాణ్ణి. ఎటు, అని అడిగేది. పైకి, అనేవాణ్ణి. సరే, మళ్లీ. ఆపిన ప్రతిసారీ ఆశగా నా ముఖం చూసేది, తనకు తానుగా ఒక్కసారీ తెలిసేది కాదు. అన్న డ్రమ్ము పుల్లలు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి కింద జిరాక్సు షాపుల వైపు చూస్తూ కూర్చునేవాడు. అలా చలికాలమంతా గడిచింది. తప్పులు తగ్గాయి. పూర్తిగా పోలేదు.

ఎంతకాలం ఆగుతాం, ఈ శనివారం పాడతానంది. కాఫీ షాపులో ఎప్పటిలాగే మెట్రో జనమే. మొదటి చరణం చక్కగా వచ్చింది. పల్లవిలో మేమిద్దరం ఆపేశాం. నా కాలు అలవాటుగా లేచి ఉత్త నేలను నొక్కింది. ఆ ఖాళీలో ఆమె గొంతు ఒక్కటే, కాస్త బొంగురుగా, తొందర లేకుండా వెళ్లింది. కప్పులు కదిపేవాళ్లు కదపడం మానేశారు. ఇన్నేళ్లూ ఆ గరుకులో నేను వెతికినది ఆ గొంతులో ఉంది.

మూడో చరణంలో తప్పింది. నెమ్మదిగా పైకి జారిపోయింది. ఆపమని ఒట్టు. నా చెయ్యి ఆగలేదు. గిటార్ మీద చేతిని ఒక మెట్టు పైకి జరిపి, ఆమె ఎక్కడికి పోయిందో అక్కడికే నేనూ వెళ్లి వాయించాను. శ్రుతి మారిన సంగతి అన్నకు తప్ప ఎవరికీ తెలియలేదు. పాట అయిపోయింది, చప్పట్లు కొట్టారు, ఆమె దండం పెట్టింది.

మెట్రో మెట్ల వైపు నడుస్తున్నాం. నేను ఆమె ఎడమ పక్కన ఉన్నాను. ఒట్టు తప్పానని చెప్పాలా, బాగా పాడావని ఊరుకోవాలా అని తర్జనభర్జన పడుతున్నాను. హారన్ల మోత కాస్త తగ్గాక ఆమే నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"మూడో చరణంల పైకి పోయిన గదా. నువ్వు సుత నా ఎంబడి వచ్చినవు."

అన్న చెప్పాడా అని అడిగాను.

"ఎవ్వరు చెప్పలే. పాడుతుంటెనే నాకు ఎర్కైంది."

ఫుట్‌పాత్ మీద జనం మమ్మల్ని తప్పుకుని పోతున్నారు. ఆమె మళ్లీ అదే మాట అంది, ఈసారి ఇంకాస్త గట్టిగా. తప్పు పాడినందుకు అంత సంతోషపడ్డ మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.