పెదనాన్న విన్న కొత్త జాజ్ ఆల్బమ్

మండపేటలో ఎవరింటికి వెళ్ళినా ముందు మజ్జిగ ఇస్తారు. అది గొంతు దిగకముందే కాఫీ ఇస్తారు. ఆ రెండూ కడుపులో కలిశాక ఏమవుతుందో ఇచ్చేవాళ్ళెవరూ ఆలోచించినట్టు లేదు. వద్దంటే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. తాగితే నిజంగానే బాగుండదు.

ఆ ఆదివారం రెండూ తాగి మా పెదనాన్న ఇంటి హాల్లో కూర్చున్నాను. పక్కనే మా ఎడిటరుగారు, ఆయనా రెండూ తాగారు, పైగా ఇష్టంగా. ఎదురుగా బల్ల మీద టేప్‌రికార్డరు.

తొంభైల చివర్లో సంగతి. నేను కాకినాడలో ఎరువుల కంపెనీలో పనిచేస్తూ, అక్కడి ఒక వారపత్రికలో కొత్తగా వచ్చిన జాజ్ ఆల్బమ్‌లలో వినదగ్గవేవో రాస్తుండేవాణ్ణి. క్యాసెట్లు బొంబాయి నుంచి ఒక స్నేహితుడు పంపేవాడు. అవి మా ఊళ్ళో దొరకవు కాబట్టి నేను రాసింది తప్పని చెప్పగలిగిన మనిషి లేడు. విమర్శకుడికి అంతకన్నా మంచి ఊరు ఉండదు.

కొన్నాళ్ళు హాయిగా గడిచాక ఎడిటరుగారికి అనుమానం వచ్చింది.

"మీరు రాసేది చదివి ఒక్కరైనా విన్నారాండి?"

"వింటారండి."

"వినేవాళ్ళని ఒక్కర్ని చూపించండి చాలు. ఆల్బమ్ మొత్తం కూర్చుని వినాలి. లేదంటే ఆ చోట వంటలు వేసుకుంటానండి. వంటలకైతే ఉత్తరాలొస్తాయి."

ఆఫీసులో నన్ను యూరియా సెక్షన్ ఆయన అనేవారు. ఆ కాలమ్ పోతే ఇక ఊరంతా అదే అంటుంది.

అందుకే పెదనాన్న దగ్గరికి వచ్చాను. ఆయనకు రైసుమిల్లు ఉంది, పద్యనాటకాల పిచ్చి ఉంది. ఒక్క పద్యం చివర రాగం ఎంతసేపు తీసినా కుర్చీలోంచి కదలని మనిషి. అలాంటివాడికి సాక్సఫోన్ ఒక లెక్కా అనుకున్నాను. ఎడిటరుగారు కళ్ళారా చూస్తానని వెంట వచ్చారు. మా పెద్దమ్మ వంట గురించి బస్సులో నేను చెప్పిన మాట కూడా కొంత పనిచేసి ఉంటుంది.

క్యాసెట్టు పెట్టాను. అది నిజంగా మంచి ఆల్బమ్, ఇప్పటికీ అదే అంటాను. నలుగురే వాయిద్యగాళ్ళు. డ్రమ్ము మీద కర్రలకు బదులు తీగల బ్రష్షు తిప్పుతుంటే చేటలో బియ్యం చెరుగుతున్నట్టుంటుంది. సాక్సఫోన్ తొందరపడకుండా వచ్చి, పియానో వదిలేసిన ముక్కను అందుకుని, పైకి పైకి తీసుకుపోతుంది.

పెదనాన్న కళ్ళు మూసుకున్నాడు. తల ఊపాడు. నేను ఎడిటరుగారి వైపు చూశాను, గర్వం కనపడకుండా.

"వన్స్ మోర్," అన్నాడు పెదనాన్న.

మా వైపు నాటకంలో పద్యం నచ్చితే జనం అలాగే అంటారు. ఆ పాత్ర అప్పుడే చచ్చిపోయి ఉన్నా సరే, లేచి మళ్ళీ పాడి చావాలి. పాడటమంటే ఉన్నదున్నట్టు కాదు, రాగం ఇంకాస్త లాగాలి, ఇంకో మెలిక వేయాలి.

నేను టేపు వెనక్కి తిప్పాను. అదే చోటికి రాగానే మళ్ళీ "వన్స్ మోర్." మళ్ళీ తిప్పాను. ఈసారి పెదనాన్న కళ్ళు తెరిచాడు.

"ఏరా, ముందు వాయించినట్టే వాయిస్తున్నాడేంటి?"

"క్యాసెట్టు కదా పెదనాన్నా."

"ఇతను వాయించింది మళ్ళీ వాయించడు, అదే ఈ సంగీతం గొప్ప అని దార్లో చెప్పావంట కదా, ఇందాక ఈయన అన్నారు."

"చెప్పారండి. పత్రికలో కూడా రాశారు," అన్నారు ఎడిటరుగారు.

"వాయించేటప్పుడు అంతే. రికార్డయ్యాక మారదు."

"నువ్వు అడగడం చేతకాక అలా అంటున్నావు. వన్స్ మోర్."

తిప్పుతూ పోయాను. మొదటి పాట సగం దాటడం లేదు. ఆల్బమ్‌లో ఇంకా చాలా ఉందని బతిమాలాను. దీని సంగతి తేలాక చూద్దాం అన్నాడు. చివరికి అన్నిసార్లు తిప్పించుకున్న ఆ టేపు రబ్బరులా సాగింది. సాక్సఫోన్ గొంతు వణికి, జారి, ఏదో నూతిలోకి దిగుతున్నట్టు మూలిగింది.

పెదనాన్న కుర్చీలో ముందుకు జరిగాడు.

"అద్గదీ. ఇప్పుడు వేశాడు మెలిక. విద్వత్తంటే ఇది."

ఆ విద్వత్తు కాసేపు సాగి ఆగింది. మూత తీసి చూస్తే లోపల టేపు జంతికలా చుట్టుకుపోయి ఉంది.

"మొత్తం వినాలనుకున్నామండి," అన్నారు ఎడిటరుగారు, నిజంగానే బాధపడుతూ. "మొదటి పాటే అవలేదు."

"అంత బాగా వాయిస్తుంటే అయిపోవాలంటారేంటండి?" అన్నాడు పెదనాన్న.

వాళ్ళ వాదన ఎటూ తేలలేదు. పెద్దమ్మ భోజనానికి పిలవడానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. ఎడిటరుగారు ఆవిడ వైపు తిరిగారు.

"మీరు చెప్పండమ్మా. ఈయన్ని రాయమంటారా, ఆ చోట వంటలు వేసుకోమంటారా?"

"వంటలే వేసుకోండి బాబూ," అంది పెద్దమ్మ. "నా చేపల పులుసు ఏ రెండుసార్లూ ఒకేలా రాదు. ఇన్నేళ్ళలో ఈయన ఒక్కసారి వన్స్ మోర్ అన్న పాపాన పోలేదు."