హెడ్‌లుండ్ గారికి చేసిన కత్తి

రావ్దన ఇంటి వెనక షెడ్డులోంచి కొమ్ము కోసే రంపం చప్పుడు ఎంత గట్టిగా వినిపిస్తే, ఆ రోజు ఆ గుమ్మానికి అంత దూరంగా నడవాలని నది ఒడ్డున రెయిన్‌డీర్ జింకలు మేపుకుని బతికే మా సామి కుటుంబాల్లో చిన్న పిల్లలకు కూడా తెలుసు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఆమె కోపానికి భయపడి ఎవరూ ముందుకు రాలేదని ఊళ్ళో అంటారు. వచ్చినవాళ్ళు నచ్చలేదని ఆమె అంటుంది. నేనైతే ఆమె మాటే నమ్ముతాను.

ఆ కోపం నిన్న మొన్నటిది కాదు. తండ్రి కత్తులు చేసేవాడు. కొమ్ము, కర్ర, ఇనుము మగవాళ్ళవి. తోలు, ఉన్ని, దారం ఆడవాళ్ళవి. ఎవరు రాసిపెట్టారో తెలియదు గానీ అందరిళ్ళలోనూ అదే వరస. పదకొండో ఏట ఆమె చేతిలో సూది పెట్టి, అన్న ఆస్లత్ చేతిలో ఉలి పెట్టారు. ఆస్లత్ మంచులో అడుగు చూసి అది ఎవరి రెయిన్‌డీరో చెప్పగలడు కానీ, ఉలి పట్టుకుంటే కొమ్మూ పాడే, వేలూ పాడే. వాడు పాడుచేసి పారేసిన ముక్కల్ని రావ్దన దొంగతనంగా తీసుకెళ్ళి కత్తులు చేసేది. రెండేళ్ళపాటు వాటిని కొడుకు పనితనమని చెప్పుకుని తండ్రి మురిసిపోయాడు. నిజం తెలిశాక నవ్వి ఊరుకున్నాడు. రావ్దనకు మాత్రం ఈ రోజుకీ నవ్వు రాలేదు. నలభై ఏళ్ళుగా ఆ షెడ్డు నడుపుతోంది ఆమే. అయినా బయటి ఊరి నుంచి వచ్చిన ప్రతివాడూ గుమ్మంలో నిలబడి, "మీ ఆయన ఉన్నారాండీ, కత్తి కావాలి" అంటాడు.

"లేడు. ఉన్నా కత్తి చెయ్యడం వాడికి రాదు" అంటుంది.

ఆమె చేసిన కత్తికి జోడీ దొరకదు. దుకాణంలో కొన్న సరుకు ఒక్కటీ వాడదు మరి. కొండ మీద మంచు కరిగాక దొరికిన కొమ్ము, గాలికి పడిన బర్చ్ చెట్టు బుడిపె, దాని బెరడు, మూలనపడ్డ రంపపు బద్దను కాల్చి కొట్టిన అలుగు. కొమ్ము వంపు ఎటుంటే ఒర అటు తిరుగుతుంది. ఇలాంటిదే ఇంకోటి కావాలని అడిగినవాళ్ళకు, అలాంటి జింకనే ఇంకోదాన్ని పట్టుకురమ్మంటుంది.

మార్చిలో ఒకనాడు పిన్ని కొడుకు హెయికా వచ్చాడు. పురపాలక ఆఫీసులో సంస్కృతి శాఖ వాడిది. మెడలో టై, కాళ్ళకు మాత్రం జింక తోలు బూట్లు.

"అక్కా, ఒక కత్తి చెయ్యాలే. పెద్దాయనకి. ఊరి తరఫున వీడ్కోలు కానుక. మన పేరు నిలబెట్టేలా ఉండాలి."

ఎవరికని రావ్దన అడగలేదు. మా వాళ్ళలో ఎదుటివాణ్ణి నీకెన్ని జింకలున్నాయని అడగరు. చుట్టం వచ్చి పని చెబితే ఎవరికి, ఎందుకని కూడా అడగరు. చెప్పదలుచుకుంటే వాడే చెబుతాడని ఊరుకుంటారు. ఆ మర్యాదే ఆమె కొంప ముంచింది.

పేరు నిలబెట్టేలా అన్నాడు కాబట్టి అటక మీంచి ఏడాదిగా దాచిన కొమ్ము దించింది. అది ఆస్లత్ మందను నడిపించిన పోతు జింకది. విత్తులు కొట్టించిన పెద్ద పోతు అది, పదకొండేళ్ళది. మెడలో గంటతో అది ముందు నడిస్తే మంద మొత్తం దాని వెనకే కొండెక్కేది. కిందటేడు ఏప్రిల్‌లో, ఈనడానికి కొండకు బయలుదేరిన చూడి జింకలతో అది ఊరి పక్కనున్న గని రోడ్డు దాటుతుంటే ఖనిజం లారీ గుద్దేసింది. పోతు, దాని వెనక పదమూడు ఆడ జింకలు. రెండు రోజులు లారీలు ఆపమని వారం ముందే ఆస్లత్ గని ఆఫీసుకు వెళ్ళి బతిమాలాడు. కుదరదన్నారు. చచ్చాక మాత్రం రుజువుగా చెవులు కోసి తెమ్మన్నారు. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో కోత, చెవికున్న ఆ కోతను బట్టే కదా అది ఎవరి జింకో తెలిసేది. పద్నాలుగు జతల చెవులు సంచిలో వేసుకుని ఆస్లత్ మళ్ళీ అదే ఆఫీసుకు వెళ్ళాడు. వాసనేస్తోంది, బయట పెట్టమన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి ఆ పోతు కొమ్ము చెల్లెలికిచ్చి, "దీంతో మంచిదేదైనా చెయ్యి" అన్నాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఏప్రిల్ మొదటి వారానికి పిడి అయింది, ఒర అయింది. ఒర మీద చెక్కుడు పని మిగిలింది. ఆ రోజు హెయికా చూడ్డానికొచ్చాడు. ఆస్లత్ కూడా అక్కడే కూర్చుని, మా అలవాటు ప్రకారం జున్ను ముక్కలు వేసుకున్న కాఫీ తాగుతున్నాడు. హెయికా కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి పొంగిపోయి, నోరు జారాడు.

"హెడ్‌లుండ్ గారు చూస్తే ఉబ్బితబ్బిబ్బయిపోతారక్కా."

హెడ్‌లుండ్ అంటే గని డైరెక్టరు. లారీలు ఆపడం కుదరదన్నది ఆయనే.

ఆస్లత్ కప్పు కింద పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"ఎవరికన్నావురా?" అంది రావ్దన.

"అక్కా, నువ్వలా చూడకు. ఆయన రిటైరై దక్షిణానికి వెళ్ళిపోతున్నాడు. పిల్లల ఆటల హాలు వాళ్ళు కట్టిందేగా? స్కూలు బస్సు వాళ్ళదేగా? ఊరి తరఫున ఏదో ఒకటి ఇవ్వకపోతే ఏం బాగుంటుంది?"

"ఇచ్చుకో. నా చేత్తోనే ఎందుకు చేయించావు? ఈ కొమ్ము ఎవరిదో తెలుసా నీకు?"

హెయికా కొమ్ము వంక చూశాడు, ఆస్లత్ వంక చూశాడు.

"నాకేం తెలుసక్కా, నువ్వు ఏ కొమ్ము తీస్తావో. వద్దంటే చెప్పు, విమానాశ్రయం కొట్లో ఒకటి కొంటాను. దాని మీదా జింక బొమ్మే ఉంటుంది. ఆయనకి తేడా తెలియదు."

ఆ మాటకు ఆమెకు ఒళ్ళు మండిపోయింది. వాణ్ణి టై పట్టుకుని గుమ్మం దాకా లాక్కెళ్ళి బయటికి నెట్టింది. వెనక్కి వచ్చి పొయ్యి మూత తీసి, ఒరను మంట మీదికి పట్టింది. పడెయ్యలేకపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె చేసినవాటిలో ఇంత మంచిది లేదు. అదే ఆమె కోపాన్ని రెట్టింపు చేసింది.

"నాకిచ్చెయ్ రావ్దనా. కొండ మీద పాతిపెట్టొస్తాను" అన్నాడు ఆస్లత్.

"పాతిపెడితే ఎవడికి తెలుస్తుందన్నా? వాడు కొట్లో కొన్న కత్తి పట్టుకుని నవ్వుకుంటూ పోతాడు. మనం ఇక్కడ కూర్చుని కాఫీ తాగుదాం."

"అయితే ఇస్తావా? మన పోతు కొమ్ము వాడి నడుముకి వేలాడాలా?"

రావ్దన పొయ్యి మూత వేసింది. ఇవ్వకపోతే ఆ చావుల ఊసు అంతటితో సరి. ఇస్తే ఇక అన్న మొహం ఎలా చూస్తుంది? ఆ రెండింటి మధ్య మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగింది. నాలుగో రోజు షెడ్డు తలుపు గడియ వేసుకుని చెక్కడం మొదలుపెట్టింది.

కొమ్ము మీద చెక్కిన గీత చెక్కినప్పుడు కనబడదు. తెలుపు మీద తెలుపే. రంగు పడితేనే బొమ్మ బయటికొస్తుంది. మామూలుగా ఆ రంగు వేశాకే కత్తి షెడ్డు దాటుతుంది. ఈసారి దాటింది రంగు లేకుండానే.

వీడ్కోలు సభ ఆ ఆటల హాల్లోనే పెట్టారు. ముందు వరసల్లో గని వాళ్ళు, పురపాలక పెద్దలు. వెనక బెంచీల మీద జింకల కాపరులు, పిలిచారు కాబట్టి వచ్చినవాళ్ళు. ఆస్లత్ గోడ పక్కన నిలబడ్డాడు. కత్తి ఇవ్వబోతోందని తెలిసి వారం రోజులుగా అతను చెల్లెలితో మాట్లాడలేదు.

హెయికా కత్తికి చుట్టిన గుడ్డ విప్పి తెల్లబోయాడు.

"అక్కా, దీని మీద పువ్వు లేదు, గీత లేదు. బోడిగా ఉందేంటే?" అని గొణిగాడు.

"పని ఇంకా అవ్వలేదు. ఇప్పుడు చేస్తాను. ఇటివ్వు."

ఒర తీసుకుని, జేబులోంచి ఆల్డర్ చెట్టు బెరడు ముక్క తీసి నోట్లో వేసుకుంది. ఆ పెద్దమనుషుల ఎదుట నిలబడి, తొందరేమీ లేకుండా నమిలింది. హెడ్‌లుండ్ గారు చిరునవ్వుతో ఎదురుచూస్తున్నాడు. నమలడం అయ్యాక ఆయన కానుక మీద ఉమ్మింది.

ముందు వరసలో ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఛైర్మన్ లేచి నిలబడ్డాడు. హెయికా మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మా తాతలు కూడా ఇలాగే వేసేవారండి రంగు. బెరడూ ఉమ్మీ కలిస్తేనే పట్టుకుంటుంది" అంది రావ్దన. అది నిజమే. కావాలంటే ఎవరినైనా అడగండి. కాకపోతే షెడ్డులో అరచేతిలోకి ఉమ్ముకుని వేలితో అద్దుతుంది.

బొటనవేలితో ఒరంతా రుద్దింది. ఎర్రటి రసం గీతల్లోకి దిగింది. పైది తుడిచేసి, ఒరలో కత్తి పెట్టి రెండు చేతులా ఆయనకు అందించింది. తెల్లటి ఒర మీద వరసలు వరసలుగా బొమ్మలు లేచాయి.

"అబ్బ, ఎంత బావున్నాయి ఈ ఆకులు" అన్నాడు హెడ్‌లుండ్ గారు. మనసులోంచే అన్నాడు పాపం. మైకు ముందు కత్తిని పైకెత్తి అందరికీ చూపించాడు కూడా.

వెనక బెంచీల వాళ్ళు లేచారు. పిలవకుండానే దగ్గరికొచ్చి చుట్టూ నిలబడ్డారు. కాపరికి చెవి కోత చదవడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఒక ముసలాయన టోపీ తీశాడు. "ఇది ఆస్లత్ కూతురిది" అన్నాడు. "ఇవి రెండూ ఆస్లత్ భార్యవి" అన్నాడు ఇంకొకడు. "ఇది రావ్దనదే." గోడ పక్కనున్న ఆస్లత్ మెల్లగా వచ్చి, ఒర మీద మొదటి వరసలో అన్నిటికంటే పెద్ద చెవుల జత మీద వేలుపెట్టి, ఆ పోతు పేరు చెప్పాడు. చెల్లెలి పక్కనే నిలబడ్డాడు.

హెడ్‌లుండ్ గారి నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, ఎటు పోవాలో తెలియక.

"ఇవి ఆకులు కాదండీ, చెవులు. పద్నాలుగు జతలు. మీ ఆఫీసులో వాసనేస్తోందని బయట పెట్టించారే, అవి" అంది రావ్దన.

ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒరను దగ్గరగా చూశాడు. చూడకుండా ఉండాల్సింది. కింది వరసలో బొమ్మలు చిన్నవి, కోతల్లేకుండా నున్నగా ఉన్నాయి. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి మాట్లాడాడు.

"మరి ఇవి... ఈ పదమూడు, ఇవి పూర్తి చెయ్యలేదా?"

"వాటికి కోతలుండవండీ. పుట్టాక, ఎండాకాలంలో పట్టుకుని కోస్తాం. ఇవి తల్లుల కడుపులో ఉండగానే పోయాయి. చెవులు తెచ్చి చూపించలేకపోయాం గనక మీ కాగితాల్లో ఇవి చావలేదు."

హెడ్‌లుండ్ గారు కత్తిని కింద పెట్టడానికి బల్ల కోసం చూశాడు, దొరకలేదు. పక్కనున్న హెయికా వైపు చాచాడు, కాస్త పట్టుకోమన్నట్టు.

హెయికా రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"అది మీదండి" అన్నాడు.