ఆఖరి అట్ట కింద మొదటి కవిత

మార్చి నెల, రెండో మంగళవారం, ఉదయం తొమ్మిదీ పది. విజయనగరంలో నేను పనిచేసిన ప్రెస్సులో జిగురు గిన్నె అప్పుడే పొయ్యి మీదకెక్కింది. అప్పటికి నేను బైండింగు సెక్షనుకి హెడ్డుని. కాయితాలు మడతపెట్టే పనిలో చేరి, కుట్టులోకి వచ్చి, ఆ తర్వాత హెడ్డునయ్యాను. చదువు మాత్రం నలభై రెండో ఏట వచ్చింది. అంతవరకూ వేలిముద్రే.

ఆ వారం చేతిలో ఉన్న పని ఒక అరబ్బు కవయిత్రి పుస్తకం. సగం తెలుగు, సగం అరబ్బీ. తెలుగు చేసింది కళింగపట్నం అమ్మాయి ధనలక్ష్మి. గల్ఫులో ఆ ముసలావిడ ఇంట్లోనే పదకొండేళ్ళుగా నర్సు. మందులిస్తూ, మాటలు వింటూ ఆ భాష పట్టుకుంది. ఆవిడకి చూపు తగ్గిపోతోంది. కళ్ళు పూర్తిగా పోకముందే పుస్తకం చేతిలో పెట్టాలని ఈ పిల్ల పట్టు. సెలవు మీద వచ్చింది, శుక్రవారం తిరుగు విమానం.

పెద్ద కాయితం మీద పదహారు పేజీలు అచ్చవుతాయి. దాన్ని మడిస్తే ఒక ఫారం. ఫారాలు వరసగా పేర్చి కుట్టడమే మా పని. అరబ్బీ ఫారాలు నాలుగు. ఆ అక్షరం మాకెవరికీ రాదని వాటి మీద మన అంకెలు వేసి పంపారు. తెలుగు అయిపోయిన చోట ఒకటో ఫారం, చిట్టచివర నాలుగోది వచ్చేలా పెట్టి అరవై పుస్తకాలూ కుట్టించేశాను. ధనలక్ష్మికి ఓసారి చూపిద్దామా అని కుట్టు దగ్గర గౌరి అడిగింది కూడా. అంకెలు నాకు రావా అని కసిరాను.

ధనలక్ష్మి వచ్చింది. కుట్టిన పుస్తకం ఒకటి తీసి, వెనక నుంచి తెరిచి, నడుమ దాకా కాయితాలు తిప్పింది.

“ఏటే, తిరగేసి సూస్తన్నావు?” అన్నాను.

“నాను తిరగెయ్యలేదు పిన్నీ. నువ్వే తిరగేసినావు.”

అరబ్బీ కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. మన ఆఖరి అట్టే వాళ్ళకి మొదటిది. ఒకటో ఫారం ఆ అట్ట కింద ఉండాలి. నేను దాన్ని పుస్తకం నడుమ పెట్టాను.

కటింగు మిషను అప్పలస్వామి ఊరుకోలేదు. “ముసిలామెకి సూపే లేదంతన్నావు. ముందేటి, ఎనకేటి?”

దానికి ధనలక్ష్మి ఆవిడ సంగతి చెప్పింది. ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్ళ ఇంట పుట్టింది. అన్నకి పంతులు చెబుతుంటే గోడ ఇవతల కూచుని నేర్చుకుంది. రాసిన కవితలు అన్న పేరుతో పత్రికలో వచ్చేవి. వచ్చినవాళ్ళు అన్నని మెచ్చుకుంటుంటే ఈవిడ టీ అందించేది. ముప్పై ఏడో ఏట సొంత పేరు వేసుకుంది. తండ్రి రెండేళ్ళు మాట్లాడలేదు. అయినా మానలేదు. రొట్టెల పొయ్యి మీదా, తిరిగిరాని పడవ మీదా రాస్తూనే ఉంది. ఈ పుస్తకంలో మొదటి కవిత ఆ పేరు మీదే. ఇన్నాళ్ళూ అన్న చొక్కా తొడుక్కు తిరిగిన పేరు ఇవాళ దాన్ని విప్పేసిందని.

“ఆ పేరుని మల్లీ నడుమ దాసేసినావు పిన్నీ.”

నేను పొయ్యి ఆర్పేశాను. జిగురు పడితే విప్పలేం. కుట్టు ఎన్నిసార్లయినా విప్పచ్చు. బ్లేడులు తెచ్చి నలుగురం కూచున్నాం. దారాలు తెంపి, అరబ్బీ ఫారాల వరస మార్చి, ఒకటిని చివర అట్ట వైపు పెట్టి, పాత చిల్లుల్లోంచే మళ్ళీ కుట్టాం.

“ఏటి హెడ్డుగారూ, అంకెలొచ్చా?” అంది గౌరి.

“ఒచ్చు. ఎటునుంచి పెట్టాలో రాలేదు. నోరు మూసి కుట్టు.”

గురువారం మధ్యాహ్నానికి జిగురూ కటింగూ అయిపోయాయి. ధనలక్ష్మి పుస్తకాలు సంచిలో వేసుకుని వెళ్ళింది.

వారానికి ధనలక్ష్మి ఫోనులో మాట రికార్డు చేసి పంపింది. ఆవిడ పుస్తకాన్ని తన వైపు నుంచే తెరిచి, కంటికి ఆనించి మొదటి కవిత చదువుకుందట. తర్వాత తిప్పి మన అక్షరాలు తడిమిందట. రాసినామె పేరుంది, తెలుగు చేసినామె పేరుంది, కుట్టినవాళ్ళ పేర్లేవని అడిగిందట.

ఆ డిసెంబరులో రిటైరయ్యాను. నేను నేర్చుకున్నది ఇంతే. ఫారం మీద అంకె చూడడం సగం పని. చదివేవాళ్ళు పుస్తకం ఎటునుంచి తెరుస్తారో అడగడం మిగతా సగం. మా ప్రెస్సులో కుట్టినవాళ్ళ పేర్లు వేసే అలవాటు లేదు. ఆవిడ అడిగింది కాబట్టి ఇక్కడ వేస్తున్నాను. ఆ రోజు ఉన్నది గౌరి, అప్పలస్వామి, ధనలక్ష్మి, తప్పు చేసిన పైడమ్మ.